పాత రూట్ కెనాల్ పన్ను విరిగింది: నిలబెట్టాలా, తీయించి ఇంప్లాంట్ పెట్టించుకోవాలా?

కలువరేకు
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను. 8 ఏళ్ల కిందట రూట్ కెనాల్ చేయించాను. క్యాప్ వేయించుకోమని అప్పుడే చెప్పారు. నొప్పి పోయింది కదా అని వాయిదా వేశాను, తర్వాత మర్చేపోయాను. పోయిన వారం నములుతుంటే టక్కుమని శబ్దం వచ్చింది. నాలుకతో తడిమితే లోపలివైపు గోడ లేదు. మిగిలిన అంచు బ్లేడులా ఉంది, మాట్లాడినప్పుడల్లా నాలుకకు గీసుకుంటోంది. నొప్పి మాత్రం లేదు. కానీ చిగురు మీద చిన్న పొక్కు ఉంది, వేలితో నొక్కితే ఉప్పగా ఏదో వస్తుంది. అది ఎన్నాళ్లుగా ఉందో నాకే తెలియదు.

ఇద్దరు డాక్టర్లకు చూపించాను. ఒకరు, "మళ్లీ రూట్ కెనాల్ చేసినా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేను, తీసేసి ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో దించే కృత్రిమ వేరు, పెట్టుకుందాం" అన్నారు. రెండోవారు, "సొంత పన్నుకు సాటి ఏదీ రాదు, మళ్లీ శుభ్రం చేసి వేరులో పోస్ట్ అనే సన్నని కడ్డీ పెట్టి క్యాప్ వేద్దాం" అన్నారు. ఇద్దరూ మంచిగానే మాట్లాడారు, తొందరపెట్టలేదు. అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

రాత్రిబండి
తీయించేయండి అండి. నేను పడ్డది మీరు పడొద్దు.

నాది పైన ఎడమవైపు దవడ పన్ను. మొదటి రూట్ కెనాల్ ఫెయిలైంది. రెండోసారి చేశారు. ఆరు నెలలకు మళ్లీ చీము. చిగురు తెరిచి వేరు కొన కోసి మూసే ఆపరేషన్ కూడా అయింది. ఏడాదిన్నర తర్వాత చివరికి తీశారు, వేరు నిలువునా చీలి ఉంది. అప్పటికి చుట్టూ ఎముక కరిగిపోయింది కాబట్టి ఇంప్లాంట్‌కు ముందు ఎముక వేయాల్సి వచ్చింది, అది అతుక్కునేదాకా ఆగాలి. మొదట్లోనే తీసి ఉంటే ఇంత ఉండేది కాదు. ఖర్చు సంగతి అలా ఉంచండి, ఏడాదిన్నర ఆ వైపు నమల్లేదు నేను.

మెట్లబావి
రాత్రిబండి గారూ, మీరు పడ్డ కష్టం అర్థమైంది. అయినా అందరి పన్నూ అలా అవ్వదండి. నాకు రూట్ కెనాల్ అయిన దవడ పన్ను 19 ఏళ్లుగా ఉంది. వారం తిరక్కుండా క్యాప్ వేయించుకున్నాను. మధ్యలో ఒకసారి క్యాప్ ఊడితే కొత్తది వేశారు, అంతే. ఇప్పటికీ గట్టివి ఆ వైపే నములుతాను.

కలువరేకు గారూ, పీకడం ఎప్పుడైనా పీకొచ్చు. పీకాక మాత్రం తెచ్చి పెట్టలేరు.

వేరుమూలం
వృత్తిరీత్యా రూట్ కెనాల్ స్పెషలిస్టుని. నోరు చూడకుండా ఇది చేయండి, అది చేయొద్దు అని ఇక్కడ చెప్పను. ఇలాంటి పన్ను నా కుర్చీలోకి వస్తే ఏ వరుసలో ఆలోచిస్తానో రాస్తాను, ఆ ప్రశ్నలే మీ డాక్టర్లను అడగండి.

అన్నిటికన్నా ముందు, చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది? రోకలి చివర కర్ర చీలకుండా ఇనుప పొన్ను వేస్తారు కదా, క్యాప్ చేసే పని అదే. పొన్ను పట్టుకోవాలంటే కర్ర కొంత పైకి ఉండాలి. అలాగే క్యాప్ అంచుకు పైన, చుట్టూతా కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఆరోగ్యమైన పన్ను దొరకాలి. దీన్ని మేం ఫెర్రూల్ అంటాం. అది లేకుండా పోస్ట్ పెట్టి, దాని మీద కోర్ (విరిగిపోయిన భాగం బదులు కట్టే దిమ్మ) కట్టి, ఎంత ఖరీదైన క్యాప్ వేసినా బలమంతా పోస్ట్ మీద పడి, ఏదో ఒకరోజు క్యాప్ ఊడుతుంది, లేదా వేరు చీలుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పోస్ట్ పన్నుకు బలం ఇవ్వదు, పైన కట్టిన కోర్‌ను పట్టుకుని ఉంటుంది అంతే. దానికోసం వేరు లోపల ఎక్కువ తొలిస్తే ఉన్న బలమూ తగ్గుతుంది.

మీ గోడ నాలుక వైపు విరిగింది అన్నారు. చిగురుకు పైనే ఆగిందా, చిగురు కిందికి పోయిందా? కొద్దిగా కిందికి పోతే చిగురునూ ఎముకనూ కాస్త సవరించి అంచు బయటపెట్టొచ్చు. మరీ ఎక్కువ సవరిస్తే వేర్లు రెండుగా విడిపోయే చోటు బయటపడుతుంది, అక్కడ బ్రష్ ఆడదు. అప్పుడు పన్ను నిలిచినా చిగురు నిలవదు.

ఆ తర్వాత, మొదటి రూట్ కెనాల్ ఎందుకు చెడింది? చిగురు మీద పొక్కు అంటే లోపలి చీము దారి చేసుకుందన్నమాట. నొప్పి లేకపోవడానికి కారణమూ అదే, ఒత్తిడి బయటికి పోతోంది. 8 ఏళ్లు క్యాప్ లేకుండా ఉంటే ఫిల్లింగ్ పక్కనుంచి లాలాజలం, దానితో సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. లేదా మొదట్లోనే వేర్ల లోపల నరం ఉండే కాలువల్లో ఒకటి దొరక్కుండా మిగిలిపోయి ఉండొచ్చు. కింది మొదటి దవడ పన్నులో మామూలుగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. ఈ రెండు కారణాల్లో ఏదైనా మళ్లీ చేస్తే బాగుపడే అవకాశం బాగానే ఉంటుంది.

అసలు భయపడాల్సింది చీలిక. సన్నని కొలత కడ్డీతో పన్ను చుట్టూ చిగురు లోతు చూస్తారు. అంతటా 2, 3 మిల్లీమీటర్లు ఉండి, ఒక్కచోట మాత్రం సూది దిగినట్టు 8, 9కి పోతే వేరు నిలువునా చీలిందేమో అనుకోవాలి. రెండు మూడు వేర్లున్న పన్నులో చీలిన వేరును ఒక్కదాన్నే కోసి తీసేసి, మిగతాదాన్ని నిలిపిన సందర్భాలున్నాయి. ఒంటి వేరు చీలితే దాన్ని అతికించే మందు లేదు. అలాంటి పన్నును ఇంకా ఉంచితే రాత్రిబండి గారికి జరిగిందే జరుగుతుంది, చుట్టూ ఎముక తినేస్తుంది.

అందుకని "పీకడం ఎప్పుడైనా పీకొచ్చు" అన్న మాట సగమే నిజం. బాగయ్యే పన్నుకు అది వర్తిస్తుంది. చీలిన పన్ను విషయంలో గడిచే ప్రతి నెలా రేపటి ఇంప్లాంట్‌కు కావాల్సిన ఎముక పోతుంది.

మెట్లబావి
ఈ తేడా నాకు తెలియదు డాక్టర్ గారూ. నా మాట సవరించుకుంటున్నాను.

అద్దంబిళ్ల
ఇంప్లాంట్ పెట్టించుకుని 6 ఏళ్లయిన మనిషిగా నా మాట.

బాగుంది. నొప్పి లేదు, నమలగలను, నవ్వితే ఎవరూ పోల్చుకోలేరు. కానీ ఇంప్లాంట్ అంటే కొత్త పన్ను మొలిచినట్టు అనుకున్నాను నేను. అలా కాదు. తినేటప్పుడు చిన్న ఇసుక రేణువు పడినా సొంత పన్ను చటుక్కున ఆగిపోతుంది కదా, అక్కడ ఆ కబురు అందదు. ఎంత గట్టిగా కొరుకుతున్నానో ఆ ఒక్కచోట తెలియదు. మొదటి నెలల్లో రెండుసార్లు పై పన్ను అంచు చిట్లింది.

రెండోది, శుభ్రం. ఇంప్లాంట్ మెడ సన్నం, పైన పన్ను వెడల్పు, పక్కల సందులో ఇరుక్కుంటుంది. రోజూ రాత్రి చిన్న సందు బ్రష్ పెట్టాల్సిందే. నాలుగో ఏట నిర్లక్ష్యం చేశాను, చిగురు ఎర్రబడి రక్తం వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక కొంచెం దిగినట్టు కనిపించింది. మళ్లీ దారిలో పడింది గానీ "ఇంప్లాంట్‌కు పిప్పి పట్టదు, ఇక చింత లేదు" అన్న మాట నమ్మకండి. పిప్పి పట్టదు నిజమే, చుట్టూ ఉన్న చిగురుకూ ఎముకకూ జబ్బు వస్తుంది.

అయినా నాకు పశ్చాత్తాపం లేదు. నా పన్ను చిగురు కిందికి విరిగిపోయింది, ఇంకో దారి లేదు.

వేరుమూలం
అద్దంబిళ్ల గారు చెప్పిన ఆ 'కబురు' గురించి ఒక మాట. సొంత పన్ను ఎముకకు నేరుగా అంటుకుని ఉండదు. మధ్యలో దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందంలో నారల పొర ఉంటుంది. పన్ను దాని మీద ఊయలలా వేలాడుతుంది. నొక్కుడు, రేణువు, గట్టితనం అన్నీ కనిపెట్టి చెప్పేది ఆ పొరే. రూట్ కెనాల్‌లో తీసేది పన్ను లోపలి నరాన్ని, ఈ పొరను కాదు. కాబట్టి రూట్ కెనాల్ అయిన పన్నును 'చచ్చిన పన్ను' అనడం సరికాదు, బయటి పొర బతికే ఉంటుంది.

ఇంప్లాంట్ టైటానియం, ఎముక దానికి నేరుగా అతుక్కుంటుంది. ఈ అతుకును 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ కుందేళ్ల ఎముకల మీద పరిశోధిస్తూ గమనించారు. ఆయన ఎముకలో పెట్టిన టైటానియం పరికరం ఊడి రాలేదు. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. గొప్ప విషయం, నాకు అందులో రెండో మాట లేదు. పన్ను లేని చోటికి ఇంప్లాంట్ చాలా మంచి జవాబు. నిలబడగలిగే పన్నుకు పోటీగా దాన్ని నిలబెట్టడమే నాకు నచ్చదు.

గాలివాన
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. రూట్ కెనాల్ పన్నులోంచి విషం ఒంట్లోకి ఎక్కి గుండెజబ్బులు, కీళ్లనొప్పులు వస్తాయని ఒక వీడియోలో చూశాను. అందుకే తీయించడమే మేలని. నిజమేనా?

వేరుమూలం
ఆ వాదన వందేళ్ల పైబడినది. 1910లో హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు నోటిలోని చీమే ఒంట్లో రోగాలకు మూలం అని ప్రసంగించారు. తర్వాత రెండు మూడు దశాబ్దాలు కీళ్లనొప్పులకూ, అంతుచిక్కని జబ్బులకూ లెక్కలేనన్ని పళ్లు పీకేశారు, మంచివి కూడా. పళ్లు పోయినా కీళ్లనొప్పులు పోలేదు. పరిశోధనలూ ఆ వాదనను నిలబెట్టలేదు.

కానీ ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చీము ఉన్న పన్నును అలాగే వదిలేయడం మంచిది కాదు. శుభ్రం చేయాలి, లేదా తీయాలి. యాంటీబయాటిక్ మింగి ఊరుకుంటే సరిపోదు, నరం చచ్చిన కాలువలోకి రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. దవడ కింద వాపు పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరో కష్టమైనా ఇక్కడ పోస్టు రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నిమ్మగడ్డి
డాక్టర్ గారూ, మా అమ్మ గురించి అడగొచ్చా? 68 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయని ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఒక పన్ను బాగా పుచ్చింది. తీయించి ఇంప్లాంట్ పెట్టిద్దామనుకున్నాం. పళ్ల డాక్టర్ ఇంజెక్షన్ సంగతి వినగానే ఆగిపోయారు.

వేరుమూలం
ఆగడం మంచి డాక్టర్ లక్షణం. ఎముక అరుగుదలను ఆపే ఆ మందుల్లో కొన్నిటి వల్ల, పన్ను తీసినచోట దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారే జబ్బుకు (ఆస్టియోపొరోసిస్) ఇచ్చే మోతాదులో అది అరుదు, క్యాన్సర్‌కు వాడే పెద్ద మోతాదుల్లో ఎక్కువ. ఇలాంటివారికి పన్ను నిలబెట్టడానికే మొగ్గు చూపుతాం. పై భాగం పూర్తిగా పాడైనా, లోపల రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి కోసి, వేరును మూసి అలాగే ఉంచే పద్ధతి కూడా ఉంది.

ముఖ్యంగా, పన్ను కోసమని ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఆరు నెలలకోసారి అంటే డెనోసుమాబ్ అనే మందు అయ్యుండొచ్చు. అది ఆలస్యమైతే ఎముక వేగంగా తగ్గి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఎముకల డాక్టర్, పళ్ల డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని తేదీ చూసుకోవాలి.

నిమ్మగడ్డి
ఆలస్యం చేద్దామనే అనుకున్నాం. మీరు చెప్పకపోతే చేసేసేవాళ్లం. చాలా కృతజ్ఞతలు.

పాతలాంతరు
నాదీ ఒక ప్రశ్న. మా బాబుకు 15 ఏళ్లు. ఆటలో దెబ్బ తగిలి పైవరుస ముందు పన్ను సగానికి విరిగింది, వేరు కూడా దెబ్బతిందన్నారు. పిల్లాడు అద్దంలో చూసుకోవడం మానేశాడు. వెంటనే ఇంప్లాంట్ పెట్టించేస్తే పోతుంది కదా అని మా ఇంట్లో అంటున్నారు.

వేరుమూలం
ఈ వయసులో వద్దండి. ముఖం, దవడ ఇంకా ఎదుగుతున్నాయి. పక్క పళ్లు ఎముకతో పాటు కిందికి దిగుతూ వస్తాయి, ఇంప్లాంట్ మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. కొన్నేళ్లకు ఆ పన్ను ఒక్కటే పైకి ఎగబాకినట్టు పొట్టిగా కనిపిస్తుంది, చిగురు వరుస తేడా పడుతుంది. ఎదుగుదల ఆగాకే పెట్టాలి.

ఇలాంటి పన్ను జీవితాంతం ఉండకపోయినా, కొన్నేళ్లు నిలిస్తే చాలు. వేరు ఉన్నంతకాలం ఎముక ఉంటుంది. ముందు పళ్ల దగ్గర ఎముక పలచన, తీస్తే త్వరగా కుంచించుకుపోతుంది. చిగురు కిందికి విరిగి ఉంటే, వేరును క్లిప్పులతో నెమ్మదిగా కిందికి లాగి, పైన పన్ను కట్టే వీలుంటుంది. తీయక తప్పదంటే పక్క పన్నును అరగదీయకుండా దాని వెనకనుంచి రెక్కతో అంటించే బ్రిడ్జి (కృత్రిమ పన్ను) ఉంది. బాబు అద్దంలో చూసుకోవడానికి ఆలస్యం అక్కర్లేదు, విరిగిన భాగాన్ని తాత్కాలికంగా కట్టే పని ఒక్క పూటలో అవుతుంది. ముందు అది చేయించండి.

రాత్రిబండి
డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంప్లాంట్లు పదేళ్ల తర్వాత కూడా 95 శాతం దాకా నిలుస్తాయని ఎక్కడ చూసినా ఉంది. మీరు రూట్ కెనాల్ చేసేవారు కాబట్టి అటు మొగ్గుతున్నారేమో?

వేరుమూలం
అడగాల్సిన ప్రశ్నే. ఆ అంకె తప్పు కాదు. కానీ రెండింటినీ ఒకే గజంతో కొలవడం లేదు. ఇంప్లాంట్ 'నిలిచింది' అంటే దవడలో ఉంది అని, చుట్టూ ఎముక కొంత దిగినా సరే. రూట్ కెనాల్‌ను పాత లెక్కల్లో ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర కనిపించే నలుపు (ఎముక పోయిన చోటు) పూర్తిగా మానితేనే 'విజయం' అనేవాళ్లు. ఉందా ఊడిందా అని మాత్రమే చూస్తే తేడా తగ్గిపోతుంది. 2004లో అమెరికాలో బీమా రికార్డుల నుంచి 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్లను లెక్కించారు. 8 ఏళ్ల తర్వాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి. తీసేయాల్సి వచ్చినవాటిని పరిశీలిస్తే 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. అవి మొదటిసారి చేసిన రూట్ కెనాల్స్ లెక్కలని గుర్తుంచుకోవాలి, కలువరేకు గారి పన్నుకు అదే అంకె అతికించలేం.

మొగ్గు సంగతి అంటారా, చేతిలో ఏ పనిముట్టు ఉంటే మనసు అటే పోతుంది, నాకైనా ఇంకొకరికైనా. అందుకే పన్ను నిలబెట్టేవారినీ, ఇంప్లాంట్ పెట్టేవారినీ ఇద్దరినీ కలవమంటాను. 'మీ సొంత నోట్లో అయితే ఏం చేస్తారు' అని కాకుండా, 'ఏం కనిపిస్తే మీరు మనసు మార్చుకుంటారు' అని అడగండి.

కలువరేకు
ఆ ప్రశ్న పట్టుకుని రెండో డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. కొలత కడ్డీతో చుట్టూ చూశారు, నేను అంకెలు వింటూ కూర్చున్నాను. రెండు, మూడు, రెండు, మూడు... నాలుక వైపు ఒకచోట ఎనిమిది. ఆవిడ ఆగి మళ్లీ కొలిచారు. ఎనిమిదే. సీబీసీటీ (పన్నునూ ఎముకనూ అన్ని వైపులనుంచీ చూపే ఎక్స్‌రే) స్కాన్ తీశారు, పాత ఫిల్లింగ్ మెరుపు వల్ల చీలిక ఉందో లేదో తెలియలేదు. వెనక వేరు దగ్గర ఎముక పోయింది మాత్రం కనిపించింది.

"తెరిచి మైక్రోస్కోప్‌లో చూద్దాం. చీలిక పన్ను లోపలి గది అడుగుదాకా రాకపోతే మళ్లీ రూట్ కెనాల్ చేస్తాను. వస్తే అక్కడితో ఆపేస్తాను" అన్నారు. రెండిటికీ ముందే ఒప్పుకుని సంతకం పెట్టాను. శుక్రవారం వెళ్తున్నాను.

అద్దంబిళ్ల
ధైర్యంగా వెళ్లిరండి. ఏదైనా మాకు చెప్పండి.

కలువరేకు
శుక్రవారం అయిపోయింది. రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి పాత ఫిల్లింగ్ తీశారు. నీలి రంగు చుక్క వేసి కడిగారు. ఏం కనిపించినా నాకూ చూపించమని ముందే అడిగాను, తెర నా వైపు తిప్పారు. అంత పెద్దగా నా పన్ను లోపలిని ఎప్పుడూ చూడలేదు. లేత పసుపు రంగు గది, అడుగున కాలువల నోళ్లు. వాటి మధ్యలోంచి, ముందు గోడ నుంచి వెనక గోడ దాకా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నీలిగీత. కడిగినా పోలేదు. ఆవిడ ఏమీ అనకముందే నాకు అర్థమైంది.

తీసేయమన్నాను. మత్తు ఉంది కాబట్టి నొప్పి తెలియలేదు, ఒత్తిడి తెలిసింది. వేర్లు రెండింటినీ విడదీసి ఒక్కొక్కటిగా, గోడ ఎముక విరగకుండా తీశారు. గుంటలో ఎముక పొడి నింపి కుట్టారు. వెనక వేరును దూది మీద పెట్టి చూపించారు, నీలిగీత కింది దాకా ఉంది.

ఏడుపు వచ్చింది, నిజం చెప్తున్నా. ఒక పన్నుకు ఏడవడం ఏమిటి అనుకోకండి. క్యాప్ వేయించుకుని ఉంటే ఉండేది కదా అని. కానీ రాత్రి నిద్రపట్టింది. కళ్లతో చూశాను కాబట్టి, తొందరపడ్డానేమో అన్న అనుమానం నాకు మిగల్లేదు.

రాత్రిబండి
అమ్మా, బాధపడకండి. నా ఏడాదిన్నరను మీరు ఒక్క పూటలో తేల్చుకున్నారు. మొదటి పోస్టులో కళ్లు మూసుకుని తీయించేయమన్నాను, అది తప్పు. చూసి తీయించడం వేరు.

వేరుమూలం
ఆ డాక్టర్ గారు సరిగ్గా చేశారు. గుంట మానడానికి మూడు నాలుగు నెలలు, ఇంప్లాంట్ పెట్టాక ఎముక అతుక్కోవడానికి ఇంకో రెండు మూడు నెలలు, ఎముక బలాన్ని బట్టి ఎక్కువైనా కావచ్చు. పన్ను తీశాక ఎముక వెడల్పు మొదటి ఏడాదిలో సగం దాకా తగ్గగలదు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఆ పొడి వేసింది దాన్ని తగ్గించడానికే. ఏళ్ల తరబడి ఖాళీగా మాత్రం వదలకండి, పై పన్ను కిందికి దిగుతుంది, వెనకది ముందుకు వాలుతుంది. పొగతాగే అలవాటున్నా, షుగర్ అదుపులో లేకపోయినా ముందే చెప్పండి, అతుకు మీద దాని ప్రభావం ఉంటుంది.

ఒక్క ప్రశ్న. ఇంకెక్కడైనా రూట్ కెనాల్ అయి క్యాప్ లేని పన్ను ఉందా?

కలువరేకు
మీ ప్రశ్న చదివి టార్చి పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఉంది డాక్టర్ గారూ. పైన ఎడమవైపు, 5 ఏళ్ల కిందటిది, ఫిల్లింగ్ మాత్రమే ఉంది. నొప్పి లేదు, పొక్కు లేదు. కుట్లు విప్పడానికి సోమవారం వెళ్తున్నాను. ఆ రోజే దాని చుట్టూ కూడా కొలిచి, అంతా బాగుంటే క్యాప్‌కు కొలత తీసుకోమని ఇందాకే ఫోన్ చేసి చెప్పాను.